అక్క రోగం, చెల్లె పేరు

నా భార్యకు బీపీ లేదు. ఉన్నదనీ, ఆ సంగతి దాచిపెట్టి బీమా తీసుకున్నదనీ, కాబట్టి ఆమె పిత్తాశయం ఆపరేషన్‌కు ఏమీ ఇవ్వబోమనీ బీమా కంపెనీ ఉత్తరం రాసింది. బీపీకీ పిత్తాశయంలో రాళ్లకూ సంబంధం లేదు. అయినా దాచిపెట్టడం దాచిపెట్టడమేనట.

ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది. నాకు తెలుగు వచ్చు, ఉర్దూ కొంచెం కూడబలుక్కుంటాను, ఇంగ్లీషులో అంకెలు తప్ప ఏమీ రావు. వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేసే మా బిడ్డ ఆదివారం ఊరికొచ్చి చదివి చెప్పింది. మా ఇద్దరి పేర్ల మీద ఆ బీమా కట్టింది కూడా ఆమే. నా భార్య గడప దగ్గర కూర్చొని చింతపండులో గింజలు తీస్తున్నది.

బిడ్డ చదువుతూ ఒకచోట ఆగింది.

"ఆగినవేంది? చదువు," అన్నాను.

"దాచిపెట్టిండ్రు అని రాసిండ్రు నాయినా. అమ్మకు మూడేండ్ల సంది బీపీ ఉన్నదంట. ఫారంల చెప్పలేదంట."

"నేనేం దాచిపెట్టిన?" నా భార్య చింతపండు చేతులతోనే లేచి వచ్చింది. "నాకు బీపీ యాడిది?"

"సబ్ సెంటర్ల నెలనెలా బీపీ మాత్రలు తీస్కున్నవంట. ఆ పుస్తకం ఫోటో గూడ పెట్టిండ్రు. ఇగో, నీ పేరే."

నా భార్య ఆ ఫోటోను దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. తరువాత నవ్వింది.

"గిది నాది గాదు గదనే. అక్కది."

ఆ నవ్వు మా బిడ్డకు నచ్చలేదు. నాకూ నవ్వు రాలేదు. రెండు బర్రెలు అమ్మి ఆసుపత్రికి కట్టేశాం, అది జరిగిపోయింది. కానీ యాభై ఏండ్లు నా పక్కన తట్ట మోసిన మనిషిని ముక్కూ మొహం తెలియనివాళ్లు అబద్ధాలకోరని అచ్చువేసి పంపితే, ఆ కాగితాన్ని ఇంట్లో పెట్టుకొని పడుకోవడం నా వల్ల కాదు. ఆ మాట రాసినవాళ్ల చేతనే తీయించాలని ఆ ఆదివారమే అనుకున్నాను. పది నెలలు పట్టింది.

అక్క మాత్రలు చెల్లె పేరు మీదికి ఎట్లా వచ్చాయో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మాది తెలకపల్లి దగ్గర పల్లె. నా భార్యది రాజోలి. అక్కచెల్లెళ్లిద్దరినీ మా ఊరికే, వరుసకు అన్నదమ్ములమైన మా ఇద్దరికే ఇచ్చారు. వాన పడితేనే పంట అయ్యే నేలలు మావి. పెళ్లయిన యేటి నుంచే గుంపుతో కలిసి మట్టి పనికి పోయేవాళ్లం. గద్వాల పక్కన కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజుల్లో అక్కడి కాలువ పనిలో రెండేండ్లు ఉన్నాం. నేను బడి మొహం చూడలేదు. మేస్త్రీ నా హాజరీ సరిగా వేస్తున్నాడో లేదో తెలుసుకోవాలన్న పంతంతో ఖాళీ సిమెంటు సంచుల మీద బొగ్గుతో అక్షరాలు దిద్దుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పుస్తకంలో కనబడే గీతనూ గుమస్తా నోట పలికే పేరునూ పక్కపక్కన పెట్టుకుంటూ పోయాను. అప్పుడు పట్టుకున్న రోగం ఇప్పటికీ వదల్లేదు. నా కళ్ల ముందుకొచ్చిన ఏ కాగితాన్నీ చదవకుండా వదలను.

మా వదిన, అంటే నా భార్య అక్క, ఆ కాలువ గట్టు మీది గుడిసెలోనే కాన్పయింది. పొద్దున గుమస్తా వచ్చి పేర్లు పిలుస్తాడు. పలకకపోతే ఆనాటి కూలి లేదు. వరుసగా మూడు రోజులు పలకకపోతే పేరు కొట్టేస్తారు, గుడిసె ఖాళీ చేయాలి. మా వదిన పేరు పిలిచినప్పుడు నా భార్య కొంగు తల మీదికి లాక్కొని "ఉన్న" అన్నది. తన పేరు వచ్చినప్పుడు కొంగు తీసేసి, రెండడుగులు పక్కకు జరిగి, మళ్లీ "ఉన్న" అన్నది. గుమస్తా తలెత్తి చూశాడు.

"ఏందమ్మా, నువ్వే రెండు చోట్ల ఉన్నవ్?"

"కవలలం సారూ."

గుంపంతా నవ్వింది. గుమస్తా కూడా మీసాల చాటున నవ్వుకొని రెండు పేర్లకూ గీత పెట్టాడు. వదిన వంతు మట్టిని తలా కొంత మేమే తవ్వాం. తవ్విన గుంత మధ్యలో కొలత కోసం ఒక మట్టి దిమ్మ వదిలేస్తారు. సాయంత్రం దాని ఎత్తు చూసి ఎంత లోతు తవ్వామో లెక్క కడతారు. ఎవరు తవ్వారో ఆ దిమ్మ చెప్పదు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు పలకడం, ఇంకొకరు తవ్వడం మా గుంపులో తట్టా పారా ఎంత మామూలో అంత మామూలు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. బీమా అన్న మాట మేం అప్పటికి వినలేదు, కానీ మా మధ్య ఉన్నది అదే.

దాని హద్దు కూడా అక్కడే చూశాను. నది అవతలి నుంచి వచ్చిన కన్నడం మనిషి ఒకడు ఒంటరిగా పనిలో చేరాడు. ఏ గుంపులోనూ లేడు. జ్వరంతో పడుకుంటే అతని పేరుకు పలికేవాళ్లు లేకపోయారు. మూడో రోజు గుమస్తా అతని పేరు మీద అడ్డంగా గీత గీశాడు. నేను గుమస్తా భుజం మీదుగా చూస్తున్నాను. మొదటిసారి ఒక పేరును కూడబలుక్కోకుండా ఒక్క చూపులో చదవగలిగాను, అది ఆ కొట్టేసిన పేరే. అతను రేకుపెట్టె ఎత్తుకొని గట్టు వెంట ఎటో పోయాడు. అందరితో పాటు నేనూ చూస్తూ నిలబడ్డాను. గుంపు ఉన్నవాడికే వైద్యం, కార్డు ఉన్నవాడికే వైద్యం, పాలసీ ఉన్నవాడికే వైద్యం అని ఎవరు అన్నా నాకు ఆ రేకుపెట్టే గుర్తుకొస్తుంది.

ఇక మూడేండ్ల కిందటి మాట. మా వదిన ఇప్పుడు కొడుకులతో పుణెలో ఉంటుంది. వాళ్లు బిల్డింగుల పనిలో, ఆమె మనవల కాపలాలో. ఊరికి యేడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. ఆసారి వచ్చినప్పుడు కళ్లు తిరుగుతున్నాయంటే సబ్ సెంటర్‌కు తీసుకుపోయాం. మా నాలుగు పల్లెలకూ కలిపి ఒకే నర్సమ్మ. కాంట్రాక్టు ఉద్యోగం, స్కూటీ మీద తిరుగుతుంది. వదిన చేతికి పట్టీ చుట్టి చూసి ఆమె మొహం మార్చింది.

"శాన ఎక్కువున్నది పెద్దమ్మా. ఇయ్యాల్టి సంది మాత్రలు ఏస్కోవాలె, ఇడవొద్దు." తరువాత ఫోన్లో వెతికింది. "పేరు లిస్టుల లేదు. మేం ఇల్లిల్లు రాసుకున్నప్పుడు నువ్వు ఊళ్లె లేవు. ఆధార్ గూడ పుణెదే. పైనుంచి ఎక్కియ్యాలంటే నెల పడ్తది."

"నేను రేపు బండెక్కుత బిడ్డా," అన్నది వదిన.

"పుణెల చూపిచ్చుకో మరి."

"ఆడ లైన్ల నిలవడ్తే పిల్లల్ని ఎవరు చూస్తరు?"

నా భార్య మధ్యలోకి వచ్చింది. "నా పేరు ఉన్నది గద లిస్టుల. నా పేరు మీద ఇయ్యి. నెలనెలా నేనే వచ్చి తీస్కపోత, పుణె పోయేటోళ్లతోని పంపిస్త."

నర్సమ్మ కాసేపు ఆమెను చూసింది, వదినను చూసింది. పుస్తకం తీసి నా భార్య పేరు రాసింది, దాని కింద వదిన కొలత రాసి చేతికిచ్చింది.

నేను అక్కడే గొడుగు పట్టుకొని నిలబడి ఉన్నాను. ఏ కాగితాన్నీ వదలనని చెప్పుకునే నేను, కళ్ల ముందు ఒకరి రోగం ఇంకొకరి పేరు కింద రాస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. అది తప్పన్న ఆలోచనే రాలేదు. అక్క పేరుకు చెల్లె పలికింది, అంతే. ఇందులో తప్పు ఎవరిదని అడిగితే ముందు నాదే.

అప్పటినుంచి నెల తప్పకుండా మాత్రలు పుణె పోయాయి. నర్సమ్మ ప్రతిసారీ "పెద్దమ్మకు ఎట్లున్నది, ఫోన్ల మాట్లాడినవా?" అని అడిగేది. వదిన ఇవాళ మనవలను ఎత్తుకొని తిరుగుతున్నదంటే ఆ మాత్రల వల్లనే.

పోయిన యేడు పత్తి తీసే రోజుల్లో నా భార్యకు కడుపులో నొప్పి పుట్టింది. నాగర్‌కర్నూల్ సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ మంచిది. చేయి వేసి చూసింది, స్కానింగు చేయించింది, పిత్తాశయంలో రాళ్లున్నాయి, తీసేయాలన్నది. ఒక్క కాగితం అడగలేదు, ఎప్పటినుంచి ఉందని నిలదీయలేదు. కానీ ఆపరేషన్‌కు మూడు వారాల తరువాతి తారీఖు ఇచ్చింది. మత్తు ఇచ్చే డాక్టరు ఒక్కరే, ముందున్నవాళ్లు చాలామంది. అది దాచవలసిన సంగతి కాదు. సర్కారు దవాఖానను మెచ్చుకునేవాళ్లు ఆ మూడు వారాలను కూడా చెప్పాలి. ఆ నొప్పితో మూడు వారాలు ఉండడమంటే ఏమిటో నాలుగో రోజుకే మాకు తెలిసింది. అన్నం ముట్టడం మానేసింది. బిడ్డ వచ్చి, "బీమా కట్టింది దేనికి నాయినా, గిందుకే గద," అని వనపర్తిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చింది. పొద్దున చేరితే మరునాటికి ఆపరేషన్ అయిపోయింది. అదీ చెప్పాలి.

సర్కారు పథకం కింద అదే ఆసుపత్రిలో ఉచితంగా అయ్యేది, కానీ దానికి తెల్లకార్డు కావాలి. మా కొడుకు కిరాయికి నడుపుకోవడానికి అప్పు చేసి కారు కొన్న యేడు, కారున్న ఇల్లని మా కార్డు తీసేశారు. కారు వాడిది, వాడుండేది హైదరాబాదులో. కార్డు మాత్రం మాది పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన పది రోజులకు బీమా కంపెనీ పంపిన మనిషి ఇంటికి వచ్చాడు. మర్యాదగలవాడు, చెప్పులు బయట విడిచాడు. నేను ఇంట్లో లేను. "పాత దవాఖాన కాగితాలు ఏమన్న ఉన్నయా అమ్మా?" అని అడిగాడట. తుంగభద్రకు వరద వచ్చి రాజోలిలో నా భార్య పుట్టిల్లు మునిగినప్పుడు ఆ ఇంటి కాగితాలన్నీ బురదలో కలిసిపోయాయి. ఒక్క పట్టా కోసం వాళ్ల తమ్ముడు ఎన్ని ఆఫీసులు తిరిగాడో ఆమె చూసింది. అప్పటినుంచి మా ఇంట్లో ప్రతి కాగితం, చివరికి కరెంటు బిల్లు కూడా, ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటుంది. ఎవరు కాగితం అడిగినా ఆ కవరు మొత్తం తెచ్చి ముందు పెడుతుంది. ఆయన ముందూ పెట్టింది. పెట్టి, చాయ్ చేయడానికి లోపలికి పోయింది. ఆమె వచ్చేసరికి ఆయన మాత్రల పుస్తకాన్ని ఫోటో తీసుకోవడం అయిపోయింది.

"చాయ్ మంచిగున్నది అమ్మా అన్నడు," అని ఆ ఆదివారం ఆమె పదిసార్లు చెప్పింది. "నాతోని ఒక్క మాట అడిగితే చెప్పకపోదునా, గిది మా అక్కదని."

అడగలేదు. కాగితం దొరికాక మనిషిని అడగవలసిన పని లేదు వాళ్లకు.

జరిగింది జరిగినట్టు తెలుగులో రాసి రిజిస్టర్ పోస్టులో పంపాను. నెలన్నరకు ఇంగ్లీషులో జవాబు వచ్చింది. సబ్ సెంటర్‌లో ఆ పుస్తకం రాసినవాళ్లు, తాము రాసింది తప్పని సంతకం పెట్టి ఇవ్వాలట.

ఊళ్లో మాట ఆగదు. రెండో రోజు నర్సమ్మ స్కూటీ మా ఇంటి ముందు ఆగింది.

"గింత జరిగితే నాకెందుకు చెప్పలే పెద్దయ్యా?" అని నా మీద కోపం చేసింది. "తెల్లకాగితం తే. రాసిస్త."

"రాసిస్తే నీ నౌకరి ఉంటదా?" అన్నాను.

"ఏమో. పక్కాది గాదు గద. పోతే పోతది."

నా భార్య వంటింట్లోంచి వచ్చింది. "పెద్ద దానకర్ణురాలు వచ్చింది. నువ్వు పోతే మా అక్కకు మాత్రలు ఎవరిస్తరు, మీ అత్త ఇస్తదా? ఆ నాలుగూళ్ల కడుపుతోని ఉన్నోళ్లను ఎవరు చూస్తరు? కూసో. చాయ్ తాగు. ఈ ఇంట్ల చాయ్ తాగి ఫోటోలు తీస్కపోయినోళ్లున్నరు. నువ్వు తాగి ఉత్తగనే పో."

"మరి నీ పేరు పెద్దమ్మా?"

"నా పేరు అందరికి పనికొచ్చింది. నాకొక్కదానికే రాలే. ఏం జేస్తం."

నర్సమ్మ కళ్లు తుడుచుకుంటూ చాయ్ తాగి పోయింది. ఆ తరువాత నేనూ నా భార్యా మాటా మాటా అనుకున్నాం. ఆ పిల్ల ఉద్యోగాన్ని అడ్డం పెట్టి నీ పేరు కడుక్కోవడం నాకూ ఇష్టం లేదు, కానీ పేరు మాత్రం కడగవలసిందే అన్నాను. "రెండు ఎట్లయితయి?" అన్నది. ఎట్లా అవుతాయో నాకూ తెలియలేదు. రెండు వారాలు తెలియలేదు.

ఒకనాడు గడ్డి కోస్తుండగా గుర్తుకొచ్చింది. వనపర్తి ఆసుపత్రిలో ఆమె మంచం కాళ్ల దగ్గర ఒక కాగితం తగిలించి ఉండేది. రోజుకు నాలుగుసార్లు నర్సు వచ్చి బీపీ చూసి దాని మీద రాసేది. వేరే పని లేక నేను ఆ అంకెలన్నీ చదివాను. ఐదు రోజులు. నూటఇరవై, ఎనభై. నూటపద్దెనిమిది, డెబ్బై ఎనిమిది. ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. ఆ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా బీపీ మాత్ర ఇవ్వలేదు. మూడేండ్ల బీపీ మనిషికి మాత్ర మానేస్తే అట్లా ఉంటుందా? కాలువ గుంతలో వదిలిన మట్టి దిమ్మ లాంటిది ఆ కాగితం. ఎవరి పేరు ఏ పుస్తకంలో ఉన్నా కొలత కొలతే.

వనపర్తి పోయి ఆసుపత్రి రికార్డుల గదిలో అడిగాను. అక్కడ కూర్చున్నాయన నన్ను కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"పేషెంటు ఇంటికి పోయింది గద తాతా. ఇంకేం గావాలె?"

"మంచం కాడ తగిలేసిన కాగితం నకలు గావాలె."

"అవి మనుషులకు ఇయ్యం."

"కంపెనీకి ఇచ్చిండ్రు గద."

"వాళ్లు అడిగిండ్రు."

"నేను గూడ అడుగుతున్న. నోరు లేదా నాకు?"

మళ్లీ రమ్మన్నాడు. మళ్లీ పోతే సారు లేడన్నాడు. మూడోసారి సద్దన్నం కట్టుకొని పోయి ఆయన గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. "పొద్దుగూకే దాక ఉంట. రేపు గూడ వస్త. ఎల్లుండి గూడ వస్త. పత్తి అయిపోయింది, నాకు వేరే పని లేదు," అని చెప్పాను. మధ్యాహ్నం దాటాక ముద్ర వేసిన నకలు నా చేతిలో పెట్టి, "నీతోని పరేషాన్ అయింది తాతా," అన్నాడు. "నాకు నాలుగు నెలల సంది పరేషానే," అన్నాను.

అది ఒక్కటే చాలదనిపించింది. నాగర్‌కర్నూల్ సర్కారు దవాఖానలో మొదట చూసిన డాక్టరమ్మ దగ్గరికే నా భార్యను తీసుకుపోయాను. ఈమెకు బీపీ లేదని రాసివ్వాలన్నాను. "ఒక్క రోజు చూసి రాయలేను. వారం రోజులు పొద్దున రండి," అన్నది. వారం రోజులు మొదటి బస్సుకు పోయాం. నాలుగో రోజు నా భార్య బస్సులో ఊగుతూ, "బీపీ లేదని చూపియ్యనీకె తిరిగి తిరిగి బీపీ తెచ్చుకునేటట్టున్న," అన్నది. కండక్టరు టికెట్టు కొడుతూ నవ్వాడు.

దవాఖాన వరుసలో మా ముందు నిలబడ్డాయన మా కథ విని కంపెనీల వైపు మాట్లాడాడు. "అందరు గట్ల ఉండరే. మా అన్న గుండె ఆపరేషన్‌కు దినం దాటకుండ పైసలేసిండ్రు. సర్కారును నమ్ముకుంటే మాయన్న ఈ లైన్లనే పోతుండె."

వెనకనుంచి ఒకామె అందుకున్నది. "మీయన్న కట్టిండు కాబట్టి ఏసిండ్రు. కట్టనోళ్లు ఏం గావాలె?"

"కట్టాలె."

"ఏం బెట్టి కట్టాలె, నీ తలకాయ పెట్టనా?"

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆయన అన్న బతికి ఉన్నాడు. ఆమె వరుసలో నిలబడి ఉంది. ఆ వరుసను కురచ చేయడం మీద ఎవరికీ చూపు లేదని నా బాధ. మరో మత్తు డాక్టరు ఉంటే మేం వనపర్తి పోయేవాళ్లమే కాదు. మా వదిన పేరు ఏ ఊళ్లో ఉన్నా లిస్టులో ఎక్కే వీలుంటే మా నర్సమ్మ తప్పు రాసేదే కాదు. జనం అందరిదీ ఒకే హాజరీ పుస్తకం అయితే ఎవరికోసం ఎవరూ కొంగు కప్పుకొని పలకవలసిన పని ఉండదు.

ఏడో రోజు డాక్టరమ్మ కాగితం రాస్తూ తలెత్తి, "మరి ఆ మాత్రల పుస్తకం ఎవరిది?" అని అడిగింది. నా భార్య నా వైపు చూసింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, నర్సమ్మ పేరూ ఊరూ తప్ప. డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టి ముద్ర వేసింది.

"మీ అక్క ఈసారి వస్తే నా దగ్గరికి తీసుకురండి. ఆమె పేరు మీదనే పుస్తకం ఇప్పిస్త. ఇది మాత్రం ఇంకెప్పుడూ చెయ్యకండి," అని కాగితం ఇచ్చింది. ఎండాకాలంలో వదిన వచ్చినప్పుడు అన్న మాట నిలబెట్టుకున్నది కూడా.

ఆ రెండు కాగితాలూ జతచేసి రెండో ఉత్తరం రాశాను. ఒక నకలు బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారికి పంపాను. అందులో ఇట్లా రాశాను: "పుస్తకంలో రాసిన మనిషి పేరు నేను చెప్పను. ఆ మాత్రల విషయంలో నా భార్య అబద్ధం ఆడిన మాట నిజమే. ఆమె ఆడింది సర్కారుతో, మీతో కాదు. సర్కారుకు జవాబు నేను చెప్పుకుంటాను. మీ ఫారంలో ఆమె చెప్పింది మాత్రం ప్రతి మాటా నిజం. కొలతలు చూడండి. దాచిపెట్టారు అన్న మాట తీసేయండి. ఈ ఉత్తరం తెలుగులో రాశాను, జవాబు తెలుగులో కావాలి."

కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి కంపెనీ ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయి ఫోన్ చేసింది. మాట మెత్తగా ఉంది.

"సార్, ఆ స్టాఫ్ పేరు ఒక్కటి చెప్తే ఫైలు తొందరగా క్లోజ్ అయిపోతుంది."

"నాకు ఫైలు మూసుడు వద్దమ్మా. తెరిచి చదువుడు గావాలె."

"చదివాను సార్."

"చదివితే ఆ పేరుతోని నీకేం పని? నూటఇరవై, ఎనభై అని మీ ఆసుపత్రోళ్లే రాసిండ్రు గద."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది. తరువాత, "సార్, మీ వదినగారికి ఇప్పుడు బాగుందా?" అని అడిగింది.

"మంచిగున్నది బిడ్డా," అన్నాను. పది నెలల్లో కంపెనీవైపు నుంచి మా ఇంటి మనిషి ఆరోగ్యం గురించి అడిగిన మాట అదొక్కటే.

ఈ మధ్యనే పాలసీ గడువు వచ్చింది. కట్టాలా మానాలా అని బిడ్డ అడిగింది. నా కోపం చూసి మానమంటాననుకున్నది. "కట్టు," అన్నాను. "నాగర్‌కర్నూల్ల ఆ మూడు వారాలు మూడు దినాలయ్యే దాక కట్టు. గది గావాలని నేను అర్జీలు పెడ్తనే ఉంట." రెండు పెట్టాను. మూడోది రాస్తున్నాను.

కంపెనీ జవాబు వచ్చింది మాత్రల రోజున. నెలకొకసారి సబ్ సెంటర్ ముందు రేకుల పందిరి కింద అందరూ కూర్చుంటారు, నర్సమ్మ పుస్తకాలు చూసి పేర్లు పిలుస్తుంది. తపాలా ఆయన నన్ను వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు. నేను సంతకం పెడుతుండగా నర్సమ్మ మా వదిన పేరు పిలిచింది. ఇప్పుడు వదినకు సొంత పుస్తకం ఉంది. మనిషి మాత్రం పుణెలో ఉంది.

"ఉన్న," అన్నది నా భార్య, కొంగు తల మీదికి లాక్కుంటూ.

నేను కవరు చించి ముందు అక్షరాలు చూశాను. తెలుగే. నా భార్యకూ నర్సమ్మకూ వినబడేటట్టు గట్టిగా చదివాను:

"మీ రెండవ ఉత్తరము, జతపరచిన ఆసుపత్రి నకళ్లు, ప్రభుత్వ వైద్యురాలి ధ్రువపత్రము పరిశీలించడమైనది. మీ భార్యకు రక్తపోటు వ్యాధి లేదని అంగీకరిస్తున్నాము. ఉపకేంద్రంలో నమోదు చేసినవారి పేరు ఇకపై అడగబోము. క్లెయిము మంజూరు చేయడమైనది. మా మునుపటి లేఖలోని 'దాచిపెట్టారు' అన్న మాటను ఉపసంహరించుకుంటున్నాము. ఇకమీదట ఒకరి బదులు మరొకరు మందులు తీసుకొనరాదని మీ భార్యకు తెలియజేయగలరు."